మ్యూన్‌స్టర్‌లో కొత్తగా దిగా, ఊరి బయట రన్‌కి ఎటు పోవాలి?

ఉప్పల్ నుంచి వచ్చినవాడు:

అందరికీ నమస్తే. మాస్టర్స్ కోసం పోయిన నెలే జర్మనీలోని మ్యూన్‌స్టర్ వచ్చాను. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు పొద్దున అయిదింటికల్లా ఉస్మానియా క్యాంపస్‌లో ఉండేవాణ్ని. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ కూడా చేశా, ఆ ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగి. ఇక్కడ పాత ఊరి చుట్టూ ఉన్న చెట్ల బాట, ప్రొమెనాడె మీద వారం తిరిగేసరికి ముఖం మొత్తింది. ఊరి బయట పల్లెలు, కోటలు ఉన్నాయంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్కణ్నే పోతే ఎవరన్నా ఏమన్నా అంటారా? కుక్కల సంగతేంటి?

నల్లగండ్ల నుంచి:

తమ్ముడూ, నేను అక్కడ ఆరేళ్లుండి రెండేళ్ల కిందనే వాపస్ వచ్చాను. ఇప్పుడు ఆదివారాలు గోల్కొండ వైపు పరిగెత్తుతా కానీ కాళ్లు ఇక్కడ, మనసు అక్కడి చేల మధ్యన. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా. ఛాయ్ పెట్టుకుని చదువు.

ముందు కుక్కలు. వీధికుక్కలుండవు. చేతిలో రాయి పట్టుకుని పరిగెత్తే అలవాటుంటే మానెయ్. రైతుల ఇళ్ల దగ్గర గేటు లోపల ఒకటి మొరుగుతుంది, అంతే. నువ్వు భయపడాల్సింది సైకిళ్లకి. ఫుట్‌పాత్ పక్కన ఎర్రగా పట్టీ కనిపిస్తే అది సైకిళ్ల సొత్తు. దిగిన మూడో రోజు నేను దాని మీదే దర్జాగా పోతుంటే, వెనకనుంచి డెబ్భై ఏళ్ల ముసలావిడ గంట కొట్టుకుంటూ వచ్చి, బ్రేకన్నది వెయ్యకుండా, "రాడ్‌వేగ్!" అని ఒక్క కేక పెట్టి దాటిపోయింది. అంటే సైకిల్ దారి. నేను పుస్తకంలో కాకుండా నేర్చుకున్న మొదటి జర్మన్ మాట అదే.

ఇక కోటలు. మనకు కోటంటే కొండ. గోల్కొండ గుట్ట నూట ఇరవై మీటర్లుంటుంది, టోలిచౌకి దాటకముందే కనబడుతుంది, ఎంత పరిగెత్తినా దగ్గరికి రాదు. మ్యూన్‌స్టర్‌లాండ్‌లో, అంటే మ్యూన్‌స్టర్ చుట్టుపక్కల ప్రాంతంలో, ఎక్కడానికి గుట్టలే తక్కువ. ఎత్తు దొరకనప్పుడు దొర ఏం చేస్తాడు? చుట్టూ కందకం తవ్వి, నీళ్లు నింపి, మధ్యలో దీవి మీద కూర్చుంటాడు. అందుకే అక్కడివి నీటికోటలు. దూరంనుంచి ఒక్కటీ కనబడదు. మొక్కజొన్న, ఆవులు, ఓక్ చెట్ల వరస, మళ్లీ మొక్కజొన్న, ఏముందిరా ఇక్కడ అనుకుంటుండగా మలుపు తిరుగుతావు, ఎదురుగా నీళ్లలో తలకిందులుగా ఒక కోట. ఆరేళ్లలో నాకు ఆ మలుపులు పాతబడలేదు.

ఈ కోటల్ని కలుపుతూ "100 కోటల దారి" అని సైకిల్ రూటు ఉంది, మొత్తం 960 కిలోమీటర్ల దాకా. అంతా నీకెందుకు, ముక్కలు ముక్కలుగా తీసుకో. దారి తప్పుతానని కూడా దిగులు వద్దు. తెల్ల బోర్డు మీద ఎర్ర అక్షరాలతో ఊరి పేరు, కిలోమీటర్లు రాసుంటాయి. సైకిళ్ల కోసం పెట్టినవే, మనకూ పనికొస్తాయి. ఊళ్ల మధ్య చిన్న బాటల్ని అక్కడివాళ్లు "పెట్కె" అంటారు, ఆ మాట వాడితే ముసలివాళ్లు మురిసిపోతారు.

మొదటి లాంగ్ రన్‌కి ర్యూష్‌హౌస్ అనే పాత ఇంటి నుంచి హ్యూల్స్‌హోఫ్ కోటకు పో. సుమారు ఏడు కిలోమీటర్లు, చేలూ చెట్లే, ఎక్కడా ఎక్కుడు లేదు. ఆనెటె ఫాన్ డ్రోస్టె హ్యూల్స్‌హోఫ్ అనే కవయిత్రి 1797లో ఆ కోటలో పుట్టింది, తండ్రి పోయాక 1826లో తల్లితో, అక్కతో ర్యూష్‌హౌస్‌కి మారింది. యూరో రాకముందు 20 మార్కుల నోటు మీద ఆవిడ బొమ్మే ఉండేది. ఇప్పుడు ఆ రెండిళ్ల మధ్య కవిత్వపు బాట అని పెట్టారు. ఆగి చదువుతూ నిలబడ్డావంటే పేస్ గంగలో కలుస్తుంది, కలవనీ. హ్యూల్స్‌హోఫ్ నుంచి రోక్సెల్ స్టేషన్‌కి చేరితే అక్కణ్నుంచి రైల్లో ఇంటికొచ్చెయ్యొచ్చు.

కాళ్లు కుదిరాక రెండోది. నాకు ప్రాణం ఇది. మ్యూన్‌స్టర్‌లో బస్సెక్కి ల్యూడింగ్‌హౌజెన్‌లో దిగు. ఊరి అంచునే ఫిషెరింగ్ కోట. 1271లో మ్యూన్‌స్టర్ బిషప్ కట్టించాడు, పక్కనున్న ల్యూడింగ్‌హౌజెన్ దొరలు మాట వినట్లేదని వాళ్ల కళ్లెదుటే. 1521లో కాలిపోతే పాత పునాది మీదే మళ్లీ లేపారు, అందుకే ఇప్పటికీ గుర్రపు నాడా ఆకారంలో గుండ్రంగా ఉంటుంది. నేను మొదటిసారి పోయింది నవంబరులో. తొమ్మిదైనా మంచు విడవలేదు. వంతెన మీద నిలబడి లేసు కట్టుకుంటుంటే నీళ్లలో ముందు కప్పు కనబడింది, తర్వాత గోడ, చివరికి నేను తలెత్తి చూస్తే అసలుది. ఒక బాతు ఆ గోడ నీడని అడ్డంగా చీల్చుకుంటూ పోయింది.

అక్కణ్నుంచి నోర్డ్‌కిర్షెన్‌కి తొమ్మిది కిలోమీటర్ల లోపే. 18వ శతాబ్దం మొదట్లో ఇంకో బిషప్ కట్టించుకున్నది, ఫ్రాన్స్ రాజుల వెర్సాయ్ మహలుతో పోల్చి దీన్ని వెస్ట్‌ఫాలియా వెర్సాయ్ అంటారు, వెస్ట్‌ఫాలియా అంటే ఆ ప్రాంతం. ఫలక్‌నుమా చూసిన కళ్లకు కూడా పెద్దదే. తమాషా ఏంటంటే అందులో ఇప్పుడు నడిచేది ట్యాక్స్ ఆఫీసర్లకు చదువు చెప్పే కాలేజీ! తోటలోకి టికెట్ లేదు, చెమట బనియన్‌తో పోయినా ఎవరూ ఆపరు. తర్వాత కపెల్లె స్టేషన్ దాకా ఇంకో నాలుగైదు కిలోమీటర్లు, అక్కడ మ్యూన్‌స్టర్ రైలు. ఒకసారి తోటలో విగ్రహాల దగ్గర ఫొటోల్లో పడి రెండు నిమిషాల్లో రైలు పోగొట్టుకున్నా. డిసెంబరు, తడి బనియన్, గంట దాకా ఇంకో రైలు లేదు. ప్లాట్‌ఫారం మీద ఆ చివరికీ ఈ చివరికీ పరిగెత్తుతూనే ఉన్నా. ఆరోజు వాచీలో పధ్నాలుగు రావాల్సింది పంతొమ్మిది వచ్చింది. బ్యాగులో పొడి బనియన్ పెట్టుకో.

ఎక్కుళ్లు లేక కాళ్లు జివ్వుమంటుంటే హావిక్స్‌బెక్‌లో దిగి బౌమ్‌బెర్గె పో. అక్కడివాళ్లు కొండలంటారు, మొత్తం ఎత్తు సముద్రమట్టానికి 187 మీటర్లు. మన హైదరాబాద్ నిలబడిందే అయిదొందల మీద. నవ్వకుండా పరిగెత్తు, దమ్ము బాగానే తీస్తాయి.

అయిదింటి అలవాటు మాత్రం డిసెంబరులో సాగదు. ఎనిమిదిన్నరకి తెల్లారుతుంది, నాలుగున్నరకే చీకటి. తలకు లైటు, మెరిసే జాకెట్ లేకుండా పొలాల దారిలో దిగకు, ట్రాక్టర్లు ఆటోల కంటే జోరుగా వస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో పేడనీళ్లు ట్యాంకర్లతో పొలాలకు కొడతారు. ఆ వాసన గురించి రాయను, నీకే తెలుస్తుంది.

మ్యూన్‌స్టర్‌లోనే, పదకొండేళ్లుగా:

అన్నగారు కోటల దగ్గర ఆగిపోయారు, మిగిలింది నేను చెబుతాను. బాబూ, మార్చి నుంచే గడ్డిలో పిడుదులుంటాయి. పొడవైన గడ్డిలోంచి వచ్చాక ఇంటికెళ్లి మోకాళ్ల వెనకా, నడుం దగ్గరా చూసుకో. పట్టుకునుంటే సన్న పట్టకారుతో తిన్నగా లాగెయ్, నూనెలు పొయ్యకు. తర్వాత ఎర్రగా వలయంలా పాకితే డాక్టరు దగ్గరికి పో.

ఆగస్టు, సెప్టెంబరులో మొక్కజొన్న తలకంటే ఎత్తు పెరుగుతుంది, మలుపులో ఎదురొచ్చేది కనబడదు. చెవుల్లో పాటలు ఒకవైపే పెట్టుకో. ఆకు రాలే కాలంలో అడవి అంచున వేట జరుగుతోందని బోర్డు పెడితే వెనక్కి తిరిగిపో, పంతానికి పోవద్దు.

ఆదివారం దుకాణాలుండవు. బేకరీ పొద్దున కాసేపు తెరుస్తారు. నీళ్లు సీసాలో ఇంటినుంచే. శ్మశానాల్లో కుళాయిలుంటాయి కానీ అవి పూలమొక్కలకి, తాగేవి కావని రాసుంటే ముట్టుకోకు.

ఒంటరిగా పోతే ఎవరూ ఏమీ అనరు. ఎదురొచ్చినవాళ్లకి "మొయిన్" అను, పొద్దునైనా సాయంత్రమైనా ఒకటే మాట. మన పొలిమేరలో పోచమ్మ ఉన్నట్టు అక్కడ దారులు కలిసేచోట రాతి శిలువలుంటాయి. ఎవరికైనా ఫోన్లో ఎక్కడున్నావో చెప్పాల్సొస్తే ఆ శిలువ ఫొటో పంపు, ఊళ్లోవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

ఉప్పల్ నుంచి వచ్చినవాడు:

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. శనివారం ర్యూష్‌హౌస్ వైపు పోతా. ఎర్ర పట్టీ మీద ఇప్పటికే రెండుసార్లు తిట్లు తిన్నా, ఏమంటున్నారో ఇవాళ అర్థమైంది.