పాత మంగళగిరి చీరల సంచులు: ధర తగ్గించాలా?

ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. అమ్మ కట్టి వదిలేసిన మంగళగిరి నేత చీరలతో సంచులు కుట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నా. నిజాం అంచు (చిన్న గోపురాల జరీ అంచు) పడ్డవి వెంటనే పోతాయి, ఒట్టి బట్టవి ఉండిపోతాయి. 350 రూపాయలంటే "పాత బట్టకి అంతా?" అంటున్నారు. అస్తరు, జిప్పు, రెండు గంటల కుట్టు ఎవరికీ కనపడవు. తగ్గించనా?

విజయవాడ వన్‌టౌన్ నుంచి: వద్దక్కా. అంచు ముక్కలు చేసి ప్రతి సంచికీ జేబుగా వేయండి. లోపలి కుట్టు కూడా ఫొటో పెట్టండి.

తెనాలి నుంచి: మరకుంటే ముందే చూపించండి. నాకొకటి తిరిగొచ్చింది, రానుపోను పోస్టు ఖర్చు నేనే భరించా.

బ్రాడీపేట: జేబు ఆలోచన బాగుందండీ! మొన్నొకావిడ పోయిన వాళ్ళమ్మ చీరే పంపి కుట్టమన్నారు. బేరమే ఆడలేదు. దాని మీద కత్తెర పెట్టడానికి మాత్రం నాకు రెండ్రోజులు చెయ్యాడలేదు.