తంజావూరు కటారుల చరిత్రను ఎక్కడి నుంచి వెతకాలి?

ప్రశ్న:
న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైట్‌లో దక్షిణాది కటారులను (అడ్డపిడిని పిడికిలితో పట్టుకుని పొడిచే బాకులను) చూస్తున్నప్పుడు, పిడికిలిని కప్పే ఉక్కు రేకు ఉన్న కొన్నింటి కింద ‘తంజావూరు, 17వ శతాబ్దం’ అనీ, ‘జార్జ్ సి. స్టోన్ వీలునామా ద్వారా, 1935’ అనీ రాసి ఉండడం గమనించాను. తంజావూరు నాయక రాజుల ఆయుధాల గురించి వ్యాసం రాస్తున్నాను. కోటకూ 1935కూ మధ్య ఈ కటారులు ఎవరెవరి చేతులు మారాయో, ఆ శతాబ్దాన్ని దేన్నిబట్టి నిర్ణయించారో తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
వస్తువుకు మ్యూజియం ఇచ్చిన నమోదు సంఖ్యతో మొదలుపెట్టండి. స్టోన్ ఇచ్చిన వస్తువుల సంఖ్యలు 36.25తో మొదలవుతాయి, వాటిని 1936లో రిజిస్టరులోకి ఎక్కించారని దాని అర్థం. అంతకుముందు సంగతికి, 1934లో స్టోన్ ప్రచురించిన ఆయుధ నిఘంటువులోని ఫోటోలతో మీ కటారులను పోల్చి చూడండి, ఎందుకంటే అందులో ఆయన సొంత సేకరణలోని వస్తువులు చాలా ఉన్నాయి.

ఇక తంజావూరు వైపు నుంచి చూస్తే, 1855లో రెండవ శివాజీ మగసంతానం లేకుండా చనిపోయాక ఈస్టిండియా కంపెనీ ఆ సంస్థానాన్ని కలిపేసుకుంది. 1860ల్లో కోటలోని ఆయుధశాలను ఖాళీ చేసి, ఎంపిక చేసిన వాటిని మద్రాసు మ్యూజియానికి పంపి, మిగిలినవాటిలో చాలా భాగాన్ని పాత ఇనుము కింద అమ్మేశారు. అక్కడ అధికారిగా పనిచేసిన వాల్‌హౌస్ 1878లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో దీని గురించి రాశాడు. అది తప్పక చదవండి. శతాబ్దాల నాటి పనితనం తూకానికి పోయిందని చదివినప్పుడు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

సమాధానం 2:
పై సమాధానంతో ఏకీభవిస్తూనే, కాలనిర్ణయం విషయంలో ఒక హెచ్చరిక చేయదలచుకున్నాను. పిడినీ అలుగునూ (కత్తి పదును ఉండే లోహపు భాగాన్నీ) ఒకే వస్తువుగా చూడకండి. తంజావూరు కటారుల్లో చాలావాటికి యూరోపు నుంచి వచ్చిన కత్తుల అలుగులను కోసి అమర్చారు. ఫోటోను బాగా పెద్దది చేసి చూస్తే, పిడి నుంచి కిందికి దిగే రెండు ఉక్కు పట్టీల మధ్య అలుగును ఇరికించి రివెట్లు కొట్టిన చోటు కనబడుతుంది. అలుగు పొడవునా ఉన్న సన్నని గాడులు ఆ పట్టీల కిందికి దూరిపోతుంటే, ఆ అలుగు మొదట వేరే కత్తిదై ఉంటుందని అనుమానించవచ్చు. అలుగు విరిగితే మార్చడమూ మామూలే కనుక రెండింటి వయసూ ఒకటి కానక్కర్లేదు.

మీ వ్యాసానికి ఇంకో చిక్కు ఉంది. నాయకుల పాలన 1673లో ముగిసి, ఆ తరువాత కొద్ది కాలానికే ఏకోజీతో మరాఠాల పాలన మొదలైంది. కాబట్టి ‘17వ శతాబ్దం’ అన్నంత మాత్రాన ఆ కటారి నాయకులదని చెప్పలేం. ఇలాంటి తేదీలు ఎక్కువగా పనితీరును పోల్చి వేసిన అంచనాలే.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. కొన్ని కటారుల మీద నాగరి లిపిలో చుక్కలతో కొట్టిన అక్షరాలు ఉంటాయని విన్నాను. వాటివల్ల ఉపయోగం ఉంటుందా?

సమాధానం 3:
చాలా ఉంటుంది. నా దృష్టిలో లేబుల్ కంటే ఆ చుక్కలే గట్టి సాక్ష్యం. ఔరంగజేబు సేనలు 1689 ప్రాంతంలో మన ఆదోని కోటను పట్టుకున్నప్పుడు ఆ సేనలో ఉన్న రాజస్థాన్ ప్రాంతపు బికనీరు రాజు అనూప్ సింగ్ అక్కడి ఆయుధాలను తన ఆయుధశాలకు తరలించాడు. బికనీరులో చాలావాటి మీద సన్నని చుక్కలతో వివరాలు చెక్కించారు. తరువాతి కాలంలో వాటిలో కొన్ని విదేశీ మ్యూజియాలకు చేరాయి. శాసనంలో విక్రమ సంవత్సరం ఉంటే సాధారణంగా 57 తీసివేస్తే క్రీస్తుశకం లెక్కకు వస్తుంది. అయితే అది ఆయుధం చిక్కిన కాలమో, ఆయుధశాలలోకి చేరిన కాలమో అవుతుంది తప్ప తయారైన కాలం కాదు.

అలాంటి చుక్కలు ఉన్న కటారి లేబుల్ మీద తంజావూరు అని ఉన్నా, అది తంజావూరు కోట ఆయుధశాల నుంచి బయటికి వచ్చిందనుకోకూడదు. ఆదోని మీదుగా బికనీరుకు వెళ్లి ఉండవచ్చు. అందుకని ఆ మ్యూజియం ఆయుధ విభాగానికి ఉత్తరం రాసి, చేతికి ఇరువైపులా ఉండే కమ్మీలనూ పిడికిలి రేకు లోపలి వైపునూ పక్క వెలుతురులో తీసిన ఫోటోలు ఉన్నాయేమో అడగండి. ఎదురుగా వెలుగు పడేలా తీసిన ఫోటోల్లో ఆ చుక్కలు సరిగా కనబడవు. వస్తువు ఫైలులో పాత అమ్మకాల కాగితాలు ఉన్నాయేమో అదే ఉత్తరంలో అడిగితే మంచిది.