ఉద్దానం కిడ్నీకి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ పనిచేస్తుందా?

వంశధార ఒడ్డు:
మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, కంచిలి వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక కరపత్రం తిరుగుతోంది. పొట్ట దగ్గర కొవ్వు తీసి, అందులోంచి స్టెమ్ సెల్స్ (వేరే కణాలుగా మారగల మూలకణాలు) వేరుచేసి, సెలైన్‌తో పాటు ఎక్కిస్తారట. మూడు విడతలట. క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతిన్నకొద్దీ రక్తంలో పెరిగే పదార్థం) 6 ఉన్నది 3కి దిగిందని రిపోర్టుల ఫొటోలు కూడా పెట్టారు. పొలం అమ్మయినా వెళ్దామనేవాళ్లు ఉన్నారు. నా ప్రశ్నలు రెండు. కిడ్నీ విషయంలో ఈ వైద్యం నిజంగా ఎందాకా వచ్చింది? రేపటి వైద్యమంతా స్టెమ్ సెల్స్‌దే అంటున్నారు కదా, మరి ఇవాళ ఏ జబ్బుకి పనిచేస్తోంది? లెక్కలతో చెప్పండి. "నమ్మకం ఉంచండి" అనే జవాబులు వద్దు.

మహేంద్రతనయ:
కరపత్రంలో చెప్పిన పద్ధతి కిడ్నీని బాగుచేయదు. ఆ కణం ఏ దారిన వెళ్తుందో చూడండి, మీకే తెలుస్తుంది. చేతి నరంలో ఎక్కించింది ముందు గుండె కుడివైపుకి, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకి పోతుంది. కొవ్వులోంచి తీసి పెంచిన కణం సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యోవంతు) ఉంటుంది. ఊపిరితిత్తుల్లో సన్న నాళం 10 మైక్రాన్లు కూడా ఉండదు. ఎక్కువ భాగం అక్కడే ఇరుక్కుని ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. పోయేలోపు విడిచే రసాయనాలు వాపుని కొంత తగ్గించవచ్చేమో అన్న ఆశతోనే ప్రయోగాలు నడుస్తున్నాయి. అంతేగాని కొత్త కిడ్నీ కండ పుట్టడం అన్నది లేదు.

ఎందుకు పుట్టదంటే, ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడకట్టే సన్న గొట్టాలు, ఉంటాయి. అవన్నీ తల్లి కడుపులో 36 వారాలకే తయారైపోతాయి, తర్వాత ఒక్కటీ కొత్తగా రాదు. మన తోటలతోనే చెప్తాను. అరటి నరికేసినా దుంప నుంచి పిలక వస్తుంది. కొబ్బరికి మొవ్వు పోతే ఆ చెట్టు పనైపోయినట్టే. ఎముక మూలుగ అరటి దుంప లాంటిది. కిడ్నీ కొబ్బరిచెట్టు. ఉద్దానం జబ్బులో నెఫ్రాన్ గొట్టాల చుట్టూ మచ్చకట్టి గట్టిపడిపోతుంది. ఆ మచ్చలో ఏ కణం చల్లినా మొలవదు.

నేరుగా కిడ్నీలోకే గుచ్చితే? అదీ చేశారు. థాయిలాండ్‌లో లూపస్ వల్ల కిడ్నీ పాడైన ఒకామెకి ఆమె సొంత స్టెమ్ సెల్సే కిడ్నీల్లోకి ఎక్కించారు. గుచ్చినచోట గడ్డలు పుట్టి, చివరికి ఒక కిడ్నీ తీసేయాల్సి వచ్చింది. 2010లో వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇది. ప్రయోగశాలలో 2015 నుంచి బుల్లి కిడ్నీ ముద్దలు పెంచుతున్నారు. అవి పిండం దశ దాటవు, మూత్రం బయటికి పోయే దారి కూడా వాటికి ఉండదు.

ఇక ఆ ఫొటోలు. ఎండలో పనిచేసి ఒళ్లు ఎండిపోయిన మనిషికి వట్టి సెలైన్ రెండు బాటిళ్లు పెట్టినా క్రియాటినిన్ దిగొచ్చు. తిండి తగ్గి కండ కరిగినా దిగుతుంది, అది పుట్టేదే కండలోంచి కాబట్టి. నిజంగా తగ్గిందా అంటే అదే ల్యాబులో, డ్రిప్ ఏదీ లేని రోజున, మూడు నెలల ఎడంతో రెండుసార్లు చూడాలి. పక్కన సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష కూడా చేయించాలి, దానిమీద కండ ప్రభావం తక్కువ. "మూత్రంలో ప్రోటీన్ లేదు చూడండి" అన్న మాట అసలు లెక్కలోకి రాదు. ఈ జబ్బులో మొదట్నుంచీ ప్రోటీన్ తక్కువే పోతుంది.

ఇంకో ముప్పు ఎవరూ చెప్పరు. సొంత కొవ్వు కాకుండా వేరేవాళ్ల కణాలు ఎక్కిస్తే కొందరి ఒంట్లో వాటిమీద యాంటీబాడీలు పుడతాయి. రేపు కిడ్నీ మార్పిడికి వెళ్తే క్రాస్‌మ్యాచ్ (దాత కణాలు రోగి రక్తంతో పొసగుతాయా అని చూసే పరీక్ష) దగ్గర అవే అడ్డొచ్చి, ఇంట్లో ఉన్న దాత కూడా పనికిరాకుండా పోవచ్చు.

సీతంపేట కొండ:
పై జవాబు సరే గాని, అది చదివి స్టెమ్ సెల్స్ అంటేనే బూటకం అనుకుంటే మా ఏజెన్సీ పిల్లలకి అన్యాయం. సీతంపేట, పార్వతీపురం, కురుపాం వైపు సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉంది. ఆ జబ్బుని పూర్తిగా తీసేసే దారుల్లో ఎక్కువ అనుభవం ఉన్నది మూలుగ మార్పిడికే. మూలుగ మార్పిడి అంటే రక్తం పుట్టించే స్టెమ్ సెల్స్ మార్చడమే. 1957లో మనుషుల మీద మొదలైంది, డొనాల్ థామస్‌కి 1990లో నోబెల్ వచ్చింది. కొత్తదేం కాదు.

వరస ఇదీ. ముందు హెచ్‌ఎల్‌ఏ పరీక్ష, అంటే దాత, రోగి కణాల మీది గుర్తులు కలుస్తాయా అని చూడడం. ఒకే తల్లిదండ్రుల బిడ్డకి అన్నో చెల్లో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. ఆ దాతకి సికిల్ జబ్బు కూడా ఉండకూడదు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే (జబ్బు లేకుండా ఆ జన్యువు ఒకటే మోసేవాళ్లు) లెక్క 25లో ముప్పాతిక, అంటే 19 శాతం లోపే. వాహకుడు మాత్రం దాతగా పనికొస్తాడు, ఈ ముక్క తెలీక చాలామంది వెనక్కి వెళ్లిపోతారు. దాతకి మత్తిచ్చి తుంటి ఎముకలోంచి మూలుగ తీస్తారు, అతని బరువులో కిలోకి 20 మి.లీ. మించకుండా. రోగికి అంతకుముందే బుసల్ఫాన్ లాంటి గట్టి మందులతో పాత మూలుగని చంపేస్తారు. కొత్త మూలుగ ఎక్కించడం చూస్తే మామూలు రక్తం ఎక్కించినట్టే ఉంటుంది, సంచిలో ఎర్రగా, పైపులోంచి చుక్కచుక్కగా. అసలు కష్టం తర్వాతి రెండు నాలుగు వారాలు. న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) వరుసగా మూడు రోజులు 500 దాటితే మూలుగ నాటుకున్నట్టు. దాటేదాకా చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. నాటుకున్నాక రెండో గండం, దాత కణాలు రోగి చర్మాన్ని, పేగుల్ని, లివర్‌ని కొరకడం. దానికి సైక్లోస్పోరిన్ నెలల తరబడి వాడాలి.

పూర్తిగా కలిసిన అన్నదమ్ముల మూలుగతో, చిన్నవయసులో చేస్తే 90 శాతం పైనే బతుకుతున్నారు. వయసు పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతుంది. బుసల్ఫాన్ వల్ల పిల్లలు పుట్టే శక్తి పోవచ్చు, అది ముందే మాట్లాడుకోవాలి.

ఒకటి గట్టిగా చెప్తున్నాను. మార్పిడి ఆలోచన ఉన్న బిడ్డకి ఇంట్లోవాళ్ల రక్తం ఎక్కించొద్దు. "మా తమ్ముడి రక్తమే ఇస్తాం" అని ప్రేమకొద్దీ ఇస్తారు. తర్వాత ఆ తమ్ముడి మూలుగే ఒంటికి పట్టకుండా పోవచ్చు.

సొంత కణాల్లో జన్యువుని మార్చి తిరిగి ఎక్కించే కాస్జెవీ అనే వైద్యం కూడా వచ్చింది. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతించాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. మనకి అందుబాటులో ఉన్న మందు హైడ్రాక్సీయూరియా, రోజుకి బరువులో కిలోకి 15–20 మి.గ్రా., రక్తపరీక్షలు చూసుకుంటూ.

నాగావళి గట్టు:
కంటిని మర్చిపోయారు. నల్లగుడ్డు అంచున లింబస్ అని సన్న వలయం ఉంటుంది, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పైభాగానికి స్టెమ్ సెల్స్ ఉండేది అక్కడే. కిళ్లీకి, ఖైనీకి వాడే సున్నం ప్యాకెట్ పిల్లలు నొక్కితే చిట్లి కంట్లో పడుతుంది. క్షారం కాబట్టి లోపలికి దిగిపోతూ లింబస్‌ని కాల్చేస్తుంది. తెల్లగుడ్డు పొర నల్లగుడ్డు మీదికి పాకి చూపు మూసుకుపోతుంది. అప్పుడు వట్టి కార్నియా మార్పిడి చేస్తే నిలవదు.

దీనికి హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 2012లో స్లెట్ అనే పద్ధతి ప్రచురించారు. బాగున్న కంటి లింబస్ నుంచి 2 మి.మీ. ముక్క తీసి, దాన్ని 8–10 తునకలు చేసి, దెబ్బతిన్న కంటిమీద పరిచిన మాయపొర (కాన్పులో వచ్చే మాయ నుంచి తీసిన పొర) మీద గుండ్రంగా జిగురుతో అంటిస్తారు. నడిమధ్య వదిలేస్తారు, చూపుకి అడ్డు రాకుండా. పైన బ్యాండేజ్ లెన్స్. కణాలు పెంచే ల్యాబే అక్కర్లేదు, అదీ దీని గొప్ప. రెండు కళ్లూ కాలితే ఇలా కుదరదు. కన్ను ఎర్రగా ఉండగా చేసినా, కన్నీరు లేని కంటికి చేసినా విఫలమవుతుంది. అందుకే వాపు చల్లారేదాకా నెలలు ఆగుతారు.

సున్నం పడిన వెంటనే మంచినీళ్లతో అరగంట ఆపకుండా కడగండి. పై రెప్ప తిప్పి కింద ఇరుక్కున్న పలుకులు తీయించండి. పాలూ నూనె పోయొద్దు.

కోట వీధి:
విజయనగరంలో కాన్పుకి ముందు బొడ్డు రక్తం దాచుకోమని ఫోన్లు చేస్తుంటారు కదా (అందులోనూ రక్తం పుట్టించే స్టెమ్ సెల్స్ ఉంటాయి), దానిమీద రెండు ముక్కలు. బిడ్డకి సికిల్, తలసేమియా వస్తే సొంత బొడ్డు రక్తంలోనూ అదే జన్యువు ఉంటుంది, పనికిరాదు. సంచి నిండాలని బొడ్డు తొందరగా బిగించేస్తే బిడ్డకి చేరాల్సిన రక్తం తగ్గుతుంది. ఒక నిమిషమైనా ఆగి బిగించమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. ఇంట్లో ఇప్పటికే మార్పిడి కావలసిన బిడ్డ ఉంటే మాత్రం దాచడం సబబు.

వంశధార ఒడ్డు:
అందరికీ దండాలు. అయితే భవిష్యత్తు లేదంటారా? ఇంకోటి, క్రియాటినిన్ 6 ఉన్నవాళ్లు ఇప్పుడు ఏం చేయాలి?

మహేంద్రతనయ:
భవిష్యత్తు ఉంది, అది జబ్బుని బట్టి. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాకా నాలుగు జన్యువులతో మామూలు చర్మకణాన్ని స్టెమ్ సెల్‌గా వెనక్కి తిప్పాడు. ఆ నాలుగింటిలో ఒకటి క్యాన్సర్ జన్యువు, జాగ్రత్తంతా అందుకే. టైప్ 1 షుగర్‌కి స్టెమ్ సెల్స్ నుంచి ఇన్సులిన్ కణాలు చేసి పూర్తి మోతాదులో ఎక్కిస్తే 12 మందిలో 10 మంది ఏడాదికి ఇన్సులిన్ మానేశారని 2025లో వచ్చింది. రోగనిరోధకశక్తిని అణిచే మందులు మాత్రం వాడుతూనే ఉండాలి. ఇన్సులిన్ కణం ఎక్కడ కూర్చున్నా ఇన్సులిన్ ఇస్తుంది. నెఫ్రాన్ అలా కాదు, గొట్టమూ జల్లెడా రక్తనాళమూ ఒక వరసలో కుదరాలి.

కరపత్రం వాళ్లని సీటీఆర్‌ఐ (మన దేశంలో వైద్య ప్రయోగాలు నమోదుచేసే చోటు) నమోదు నంబరు అడగండి. 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బుల మార్పిడి తప్ప మిగతాదంతా ప్రయోగమే, ప్రయోగంలో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. రేటు చెప్పారంటే అది ప్రయోగం కాదు, బేరం.

క్రియాటినిన్ 6 ఉంటే నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) దగ్గర ఫిస్టులా మాట ఎత్తండి, అంటే డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాలు కలిపే చిన్న ఆపరేషన్. అది పండడానికి 6–8 వారాలు పడుతుంది, ముందే వేయించుకుంటే మెడలో పైపు తప్పుతుంది. ఫిస్టులా వేసే చెయ్యికి, ఎక్కువగా ఎడమచెయ్యి, సూది గుచ్చనివ్వొద్దు, బీపీ కట్టు కట్టనివ్వొద్దు. హెపటైటిస్ బి టీకా రెట్టింపు మోతాదులో, 0, 1, 2, 6 నెలల్లో. ఒళ్లు నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ ఇవాళే మానేయాలి. మార్పిడికి రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించండి. ఎర్రరక్తం తగ్గితే ఎక్కించేముందు ఎరిత్రోపాయిటిన్, ఐరన్ సూదులతో పెరుగుతుందేమో అడగండి. రక్తం ఎక్కించిన కొద్దీ పైన చెప్పిన యాంటీబాడీల గొడవే.