రెండో నగరం: నది ఒడ్డునా, కొండల పక్కనా?

మూడోసెట్లర్:
సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ ఆట, గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణతో. చంద్రగుప్తుడితో ఆడుతున్నాను, 24వ వంతు. సెట్లర్ (కొత్త ఊరు కట్టే దళం) సిద్ధంగా ఉంది, కళ్ల ముందు రెండు చోట్లున్నాయి. ఒకటి రాజధానికి సరిగ్గా నాలుగు గడుల దూరంలో, నది ఒడ్డున. పచ్చిక, కాస్త అడవి, అంతకు మించి ఏమీ లేదు. రెండోది ఏడు గడుల అవతల మైదానంలోని గుట్ట మీద. నీళ్లు లేవు. కానీ అక్కడ ఒక గడికి మూడు కొండలు ఆనుకుని ఉన్నాయి, క్యాంపస్ (సైన్సు ఇచ్చే డిస్ట్రిక్టు, అంటే ఊరికి చెందిన ప్రత్యేక విభాగం) కడితే అదనంగా మూడు సైన్సు. పట్టు, వజ్రాలు కూడా ఉన్నాయి. మీరైతే ఎక్కడ దిగుతారు?

ఏటిగట్టు:
నది దగ్గరే. మంచినీళ్లున్న నగరం 5 హౌసింగుతో (ఎంత జనాభాకు చోటుందో చెప్పే లెక్క) మొదలవుతుంది, లేనిది 2తో. జనాభాకు, హౌసింగుకు మధ్య తేడా ఒకటికి వస్తే పెరుగుదల సగానికి పడుతుంది. అంటే మీ గుట్ట మీది ఊరికి పుట్టిన వంతు నుంచే కుంటి నడక. రెండో డిస్ట్రిక్టుకు జనాభా 4 కావాలి. అది ఎప్పటికి వస్తుందో తెలియకుండా క్యాంపస్ పక్కన ఏమేం కట్టాలో ఇప్పుడే గీసుకోవడం, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

కొండవాలు:
సోమలింగం పుట్టడానికి జనాభా ఒకటి చాలు గారూ! మొదటి డిస్ట్రిక్టుకు అంతకంటే అక్కర్లేదు, అది క్యాంపసే. పైగా మైదానపు గుట్ట మీద నగర కేంద్రానికి ఉత్పత్తి ఒకటికి బదులు రెండు వస్తుంది. తొలి నలభై వంతుల్లో ఆ ఒక్కటి చాలా పెద్ద తేడా. గ్రానరీ (ధాన్యాగారం) కడితే హౌసింగు మరో రెండు. తర్వాత ఇంజినీరింగ్ పరిజ్ఞానం రాగానే అక్విడక్టు, అంటే ఊరికి నీళ్లు తెచ్చే కాలువ. దానికి నగర కేంద్రాన్నీ కొండనూ రెండింటినీ ఆనుకున్న గడి ఒకటి కావాలి, దిగే ముందు అది మాత్రం చూసుకోండి. అక్విడక్టు డిస్ట్రిక్టుల పరిమితి లెక్కలోకి రాదు కూడా.

పాతకాపు:
ఇద్దరూ నీళ్ల దగ్గరే ఆగిపోయారు. అసలు ప్రశ్న దూరం. ఐదో భాగంలో నగరం పెరిగిన కొద్దీ సైన్సు ఖర్చు పెరిగేది, సంతోషం తరిగేది. అందుకే నాలుగు నగరాలతో సరిపెట్టుకునేవాళ్లం. ఆ అలవాటుతో ఇక్కడా అందరూ విశాలంగా జాగా వదులుతున్నారు. నగరం చుట్టూ 36 గడులు ఉంటాయి నిజమే, కానీ జనాభా పది ఉన్న ఊరు పని చేయించేది పదింటితోనే. మిగతావి పటంలో రంగు కోసం. నాలుగేసి గడుల దూరంలో కడితే ఒక్కో ఊరికి 16 గడులు వస్తాయి, చాలు. ఆరు గడుల లోపు ఊళ్లన్నిటికీ ఒకే ఫ్యాక్టరీ పని చేస్తుంది.

ఏటిగట్టు:
మరి లాయల్టీ, అంటే ఊరి విధేయత? అది పోతే ఊరే పోతుంది. తొమ్మిది గడుల లోపు జనం ఒత్తిడి గడికి పది శాతం చొప్పున తగ్గుతుంది. ఏడు గడుల దూరానికి మిగిలేది ముప్పై శాతం. మూడోసెట్లర్ గారూ, పొరుగు రాజు ఎక్కడ?

మూడోసెట్లర్:
అది చెప్పడం మరిచాను. అతని రాజధాని గుట్టకు ఆరు గడుల దూరంలో ఉంది.

ఏటిగట్టు:
అసలు మాట అదే కదండీ! అతని జనం లెక్క నలభై శాతం, మీది ముప్పై. పట్టు, వజ్రాలు అతనికి కట్నంగా పోతాయి.

కొండవాలు:
గవర్నర్‌ను పంపితే వంతుకు ఎనిమిది లాయల్టీ వస్తుంది. అదే పొరుగువాడు రేపు ఆ గుట్ట మీద దిగితే ఏ గవర్నరూ ఏమీ చేయలేడు. నది ఎక్కడికీ పోదు, కొండల చోటు పోతుంది.

మూడోసెట్లర్:
గుట్ట మీదే దిగాను. గవర్నర్‌ను పంపాక లాయల్టీ నిలబడింది, క్యాంపస్ మొదలైంది. ఇప్పుడు 43వ వంతు. పొరుగువాడి సెట్లర్ ఒకటి, వెంట ఒక యోధుడితో, నా నది వైపే వస్తోంది.

ఏటిగట్టు:
నది ఎక్కడికీ పోదన్నవారు ఎక్కడున్నారు?

పాతకాపు:
రాజధానిలో సెట్లర్ పెట్టండి, వెంటనే. అది తయారయ్యేలోగా మీ యోధుణ్ణి తీసుకెళ్లి నది ఒడ్డున మీరు చూసుకున్న గడిలోనే నిలబెట్టండి. ఆ గడి మీద వాడు దిగలేడు. పక్క గడి సంగతి మాత్రం నేను హామీ ఇవ్వను.