జార్జి వాషింగ్టన్ పూర్వీకుల ఊరు సల్‌గ్రేవేనా? రుజువులు ఎంత గట్టివి?

పొటోమాక్ ఒడ్డు:
మేముండేది వర్జీనియాలో. జార్జి వాషింగ్టన్ ముత్తాత జాన్ గురించి ఇక్కడ అందరూ చెప్పే కథ ఒకటే. 1657 ప్రాంతంలో పొగాకు కోసం వచ్చిన ఓడలో పనిచేస్తూ వచ్చాడు, ఓడ పొటోమాక్ నదిలో మెరక తగిలి ఇరుక్కుపోయింది, ఇక్కడే ఉండిపోయి పోప్ అనే భూస్వామి కూతురిని పెళ్లాడాడు, మామగారు 700 ఎకరాలు ఇచ్చాడు. ఆయన వంశాన్ని ఇంగ్లండులోని సల్‌గ్రేవ్ బంగళా దాకా తీసుకెళ్తారు. 1539లో దాన్ని కొన్నవాడు లారెన్స్ వాషింగ్టన్ అనే ఉన్ని వ్యాపారి. నడుమనున్న లంకెలు నిజమైనవేనా? చదివినవారు చెప్పండి.

తుంగభద్ర:
మనిషి పెద్దవాడయ్యాక వంశం దానంతటదే దొరుకుతుంది లెండి. ఐజాక్ హెర్డ్ అని లండన్‌లో వంశచిహ్నాలు చూసే అధికారి 1791లో ఏకంగా అధ్యక్షుడికే ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది మే నెలలో వాషింగ్టన్ ఇచ్చిన జవాబు ఏమిటి? ఈ సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు, మావాళ్లు ఉత్తర ఇంగ్లండు నుంచి వచ్చారు అని. అదీ తప్పే. హెర్డ్ తేల్చిందీ తప్పే. మన పల్లెల్లో పిచ్చుకగుంట్లవారు సంభావన ఇచ్చినవారి వంశాన్ని పొగిడినట్టుంది.

శారద అత్తిలి:
పిచ్చుకగుంట్లవారిని చులకన చేయకండి. ఇంటిపేర్లు, గోత్రాలు వారికి గుర్తున్నంత మన ఇళ్లలో ఎవరికి గుర్తున్నాయి?

పాతకాగితం:
హెర్డ్ పొరబడ్డాడు, నిజమే. ఆ పొరపాటును పట్టుకున్నదీ వంశ చరిత్రకారులే. ఆ ముక్క మాత్రం తుంగభద్ర గారు వదిలేశారు.

సల్‌గ్రేవ్ వాషింగ్టన్ల వంశంలో జాన్, లారెన్స్ అనే అన్నదమ్ములు కనిపించగానే వలస వెళ్లింది వీరేనని హెర్డ్ రాసేశాడు. అది కుదరదని 1866లో జోసెఫ్ చెస్టర్ చూపించాడు. ఆ జాన్ సర్ బిరుదు పొంది ఇంగ్లండులోనే ఉన్నాడు. ఆ లారెన్స్ ఎసెక్స్‌లోని పర్లీ చర్చికి పాదిరి. వర్జీనియాకు వెళ్లినవారు ఈ పాదిరి కొడుకులని 1889లో హెన్రీ వాటర్స్ తేల్చాడు. హెర్డ్ తప్పింది ఒక తరమే.

ఆధారాలు కావాలా? ట్రింగ్ ఊరి చర్చి పుస్తకంలో పాదిరి పిల్లల బాప్తిస్మాలున్నాయి. అదే ఊళ్లో ఆండ్రూ నోలింగ్ రాసిన వీలునామాలో లారెన్స్, జాన్, మార్తా తదితరుల పేర్లు వరసగా ఉన్నాయి. తల్లి ఆంఫిలిస్ పోయాక ఆమె ఆస్తి చూసుకునే అధికారం 1656 ఫిబ్రవరిలో పెద్ద కొడుకు జాన్‌కు దక్కింది. ఇక వర్జీనియాలో జాన్ 1675లో రాసిన వీలునామాలో, ఇంగ్లండులో ఉన్న తన డబ్బులోంచి తోబుట్టువు మార్తాకు పది పౌండ్లు ఇమ్మన్నాడు.

కరణంగారి మనవడు:
కాగితాలను అంతగా నమ్మకండి. మా తాత పేరు ఒక రిజిస్టరులో వెంకయ్య, ఇంకో దాంట్లో వెంకటయ్య. ఇద్దరూ ఒకరేనని నిరూపించుకోవడానికి మా నాన్న చెప్పులరిగేలా తిరిగాడు. చివరికి పొలం పెదనాన్న కొడుకుల పాలైంది. ముగ్గురు లారెన్సుల్లో ఎవరు ఎవరో మూడు వందల ఏళ్ల తర్వాత తేల్చారట!

పాతకాగితం:
మీ పొలం సంగతి విచారకరమే గానీ, ఇక్కడ ఒక్క పేరు కలిసిందని ఎవరూ చెప్పడం లేదు. తల్లి, పిల్లలు, ఊరు అన్నీ కలిశాయి.

కరణంగారి మనవడు:
సరే. మరి ఆ పాదిరి సారా దుకాణాల్లో కూర్చుంటాడని 1643లో ఉద్యోగం ఊడబెరికారు కదా. అలాంటివాడి ఇంటి లెక్కలు ఎలా నమ్మాలి?

పాతకాగితం:
బాప్తిస్మం రాసింది ట్రింగ్ చర్చి, ఆయన కాదు. పైగా ఆయన రాజు పక్షం, తీసేసినవారు పార్లమెంటు పక్షం. ఇంగ్లండు అంతర్యుద్ధం రోజుల్లో శత్రువు మోపిన నింద అది.

కరణంగారి మనవడు:
నిప్పు లేనిదే పొగ రాదు.

పొటోమాక్ ఒడ్డు:
దయచేసి సారా వదిలేయండి. అంటే సల్‌గ్రేవ్ దాకా గొలుసు ఉన్నట్టేనా?

పాతకాగితం:
ఉంది. అయితే జాన్ ఆ బంగళాలో పుట్టలేదు. అతను పుట్టకముందే అది చేతులు మారింది.

తుంగభద్ర:
ఇంత శ్రద్ధ ఒక్కరి కోసమే ఎందుకని ఎవరికీ అనుమానం రాదా? 1799లో వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలు. వారి తాతముత్తాతలను ఏ వాటర్స్ వెతికాడు?

పాతకాగితం:
ఆ 1799 పట్టిక వాషింగ్టనే స్వయంగా రాశాడు. అందులో పేర్లు, వయసులు, భార్యాభర్తల వివరాలున్నాయి. దాని సాయంతోనే చాలామంది తమవారిని వెతుక్కుంటున్నారు. కాగితాన్ని తిట్టకండి.

తుంగభద్ర:
అది ఒక్క ఎస్టేటు. 1850, 1860 జనగణనల్లో బానిసల పట్టీలు చూడండి. యజమాని పేరు, దాని కింద వయసు, ఆడో మగో, రంగు లాంటివే. నల్లవారందరికీ పేర్లు కనిపించేది 1870లోనే. ఈ రోజు అమెరికాలో వాషింగ్టన్ అనే ఇంటిపేరున్న వారిలో దాదాపు 90 శాతం నల్లవారు. వారెవరికీ సల్‌గ్రేవ్ లేదు.

నాకెందుకు మండుతోందో కూడా చెబుతాను. మావాళ్లు తరతరాలుగా జీతానికున్నవారు. పొలం ఎవరిదో కరణం లెక్కల్లో ఉంది, దున్నినవారెవరో లేదు. మా నాయనమ్మ తల్లి పేరు చెప్పగలిగేవారు ఇంట్లో ఒక్కరూ లేరు. ఇక్కడ పాతకాగితం గారు వీలునామాలు ఏకరువు పెడుతుంటే, మీకు వంశం ఉంది మాకు లేదు అన్నట్టే వినిపిస్తోంది.

పాతకాగితం:
నేను ఆ మాట అనలేదు. మీ ఇంట్లో రికార్డు లేకపోవడం నా నేరం కాదు.

శారద అత్తిలి:
మాట కొంచెం తగ్గించండి.

తుంగభద్ర:
నేరం అనలేదు నేను. కానీ జాన్ గురించి ఇంత రాసినవారు, మేరీలాండ్‌లో సస్క్వెహానాక్ అనే ఆదివాసీ తెగ కోట ముట్టడిలో వర్జీనియా సేనకు అతను కల్నల్ అని రాయలేదేం? చర్చలకు బయటికి వచ్చిన తెగ పెద్దలను అక్కడ చంపేశారు.

పాతకాగితం:
ఆ హత్యలకు మేరీలాండ్ శాసనసభ దోషిగా తేల్చింది ట్రూమన్ అనే మేజర్‌ను, జాన్‌ను కాదు. అయినా వంశవృక్షం అంటే ఎవరికి ఎవరు పుట్టారన్న లెక్క. మీరడిగేది వేరే.

తుంగభద్ర:
మార్తాకు పది పౌండ్లు ఇవ్వడం పుట్టుకల లెక్కా? ఆ వీలునామా ఏ ఏడాదిదో మీరే రాశారు. ముట్టడి ఏ ఏడాదో చూడండి.

శారద అత్తిలి:
చూశాను. రెండూ 1675 సెప్టెంబరులోనే.