నాఫియాన్ పొర వాహకత రావడం ల్యా, ఎవరన్నా చూడండన్నా

అనంతపురం స్కాలర్: పొద్దున తొమ్మిదికి కూర్చున్నా, సాయంత్రం ఆరయింది. నాఫియాన్ 117 పొర, అంటే ఫ్యూయల్ సెల్స్‌లో వాడే ప్రోటాన్లను నడిపించే ప్లాస్టిక్ పొర. ఇంపీడెన్స్ (ఏసీ కరెంటుకు పొర ఇచ్చే అడ్డు) తీస్తే వాహకత సెంటీమీటరుకు 0.002 సీమెన్స్ దాటడం ల్యా. పుస్తకాల్లో 0.1 దగ్గర ఉండాది. క్లిప్పులు మార్చినా, మిషన్ ఆపి పెట్టినా అంతే. ఇది స్ఫటిక పాలిమర్ కదా, స్ఫటికం ఎక్కువై దారి మూసుకుపోయిందా? సోమవారం గైడుకు చూపించాల.

హంద్రీ ఒడ్డు: తేమ ఎంత?

కర్నూలు మాస్టారు: ముందు మాట సరిచేసుకో నాయనా. నాఫియాన్ స్ఫటిక పాలిమర్ కాదు, అర్ధస్ఫటిక పాలిమర్. టెఫ్లాన్ లాంటి గొలుసుల్లో కొంత భాగమే స్ఫటికం, అది పొరకు బలమిస్తుంది. ప్రోటాన్ నడిచేది సల్ఫోనిక్ ఆమ్ల గుంపుల చుట్టూ చేరిన నీళ్లలో. స్ఫటికంలోనే ప్రోటాన్ పరుగు చూడాలంటే సీజియం హైడ్రోజన్ సల్ఫేట్ చదువు. 141 డిగ్రీలు దాటితే వాహకత ఒక్కసారిగా లేస్తుంది.

గండికోట: సార్, అది లవణం, పాలిమరే కాదు. ఆ పిల్లోడు అడిగింది వేరే.

కర్నూలు మాస్టారు: స్ఫటికం అన్న మాట ఎత్తింది ఆయనే గదప్పా. పునాది తప్పయితే ప్రశ్నే తప్పవుతుంది.

అనంతపురం స్కాలర్: తేమ కొలవల్యా. మామూలు ఏసీ గది. 3 శాతం పెరాక్సైడ్‌లో గంట, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో గంట ఉడికించి, కడిగి, ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టినా. అంచులు అప్పడం మాదిరి వంకర తిరిగినాయి.

హంద్రీ ఒడ్డు: ఓవెన్ సంగతి ఇప్పుడా చెప్పేది! నీళ్లు ల్యాకుండా ప్రోటాన్ యాడ నడుస్తుంది? నానబెట్టి తడి మీదనే కొలువు.

గండికోట: ఆఖరున ఏ నీళ్లతో కడిగినావు? మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పొలుసు కడుతుంది చూడు, అందులో ఉండేది కాల్షియమే. ఒక్కో కాల్షియం అయాన్ రెండేసి సల్ఫోనేట్ (ఆ సల్ఫోనిక్ ఆమ్ల గుంపుల) చోట్లు పట్టుకుంటుంది. అక్కడుండాల్సిన ప్రోటాన్లు బయటికి పోతాయి. నేను ఇట్లనే ఒక వారం పోగొట్టుకున్నా.

అనంతపురం స్కాలర్: డీఐ నీళ్లు (అయాన్లు తీసేసిన నీళ్లు) అయిపోతే క్యాన్ నీళ్లు పోసినా అన్నా.

గండికోట: మళ్లా ఆమ్లంలో ఉడికించు. డీఐ నీళ్లతోనే కడుగు, కడిగిన నీళ్ల పీహెచ్ కూడా చూసుకో.

కర్నూలు మాస్టారు: ఇంకోటి. సెంటీమీటరుకు సీమెన్స్ అన్నప్పుడు విశిష్ట వాహకత అని రాయాల, ఉత్త వాహకత కాదు.

అనంతపురం స్కాలర్: నానబెట్టి తీస్తే 0.05 వచ్చింది. ఆమ్లం పని రేపు. థ్యాంక్స్ అన్నా.