కుళాయి తిప్పగానే మట్టి రంగు, మురుగు వాసన: ముందు ఏ పరీక్ష చేయించాలి?

కాలవగట్టు:
గోదావరి పశ్చిమ డెల్టాలో చిన్న మున్సిపాలిటీ. పంట కాలవలకు నీళ్లు ఆపేశాక, ముందే నింపి ఉంచిన వేసవి చెరువు నీళ్లే ఇస్తున్నారు. పొద్దున గంటసేపు వదులుతారు. మొదటి పది నిమిషాలు మట్టి రంగులో, కాస్త మురుగు వాసనతో వచ్చి తర్వాత తేటపడతాయి. మా ఇల్లు వీధి చివర. క్లోరిన్ వాసన అసలు తెలియదు. టీడీఎస్ మీటరు 240 చూపిస్తోంది. సంపు 2000 లీటర్లు. ఇంట్లో చంటిపాప ఉంది. టీడీఎస్ బాగానే ఉంది కాబట్టి తాగొచ్చా? ఆర్వో పెట్టించాలా? ల్యాబ్‌కి పంపితే ఏ పరీక్షలు అడగాలి?

పైపులైను:
టీడీఎస్ మీటరును పక్కన పెట్టేయండి. అది నీళ్లలో కరిగిన లవణాల్నే కొలుస్తుంది. బిందెడు నీళ్లలో గరిటెడు మురుగు కలిసినా ఆ అంకె పెద్దగా కదలదు.

వాసన ఎక్కడి నుంచి వస్తోందో ముందు తేల్చుకోండి. చెరువులో నాచు వల్లయితే ఆ వాసన గంట పొడుగునా ఉంటుంది, ఊళ్లో అన్ని వీధుల్లోనూ ఉంటుంది. మీరు చెప్పినట్టు మొదటి పది నిమిషాలే ఉంటే లోపం పైపులో ఉంది, అదీ మీ వీధి దగ్గర్లోనే.

సరఫరా ఆపాక మిగతా 23 గంటలూ పైపు ఖాళీ అవుతూ ఉంటుంది. పల్లపు ఇళ్లలోకి నీళ్లు దిగిపోతుంటే ఎత్తున ఉన్న చోట పైపు లోపలికి పీల్చుకుంటుంది. అక్కడ తుప్పు పట్టిన జీఐ (జింకు పూత వేసిన ఇనుప పైపు) కనెక్షన్ మురుగు కాలవలో మునిగి ఉంటే, దాని చిల్లులోంచి మురుగే లోపలికి వస్తుంది. మర్నాడు నీళ్లు వదలగానే ముందు దాన్నే తోసుకొస్తాయి. కుళాయికే మోటారు బిగించి లాగేవాళ్లుంటే నీళ్లు వచ్చే గంటలో కూడా ఈ పీల్పు జరుగుతుంది. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రబలినప్పుడు బయటపడింది కూడా ఇదే, తాగునీటి లైన్లలో మురుగు కలవడం.

నీళ్లు వదిలిన సమయంలో మీ ఇంటి నుంచి మెయిన్ పైపు వరకు మురుగు కాలవ వెంబడి నడవండి. కాలవలో బుడగలు లేచే చోటు, మురుగు ఉన్నట్టుండి తేటగా కనిపించే చోటు గుర్తు పెట్టుకోండి. నీళ్లు వచ్చేటప్పుడు బయటికి కారే చిల్లే, ఆగాక లోపలికి పీలుస్తుంది. పాత జీఐ ముక్కకు క్లాంపు వేస్తే ఆర్నెల్లు ఆగొచ్చేమో గానీ పక్కన ఇంకోచోట తుప్పు తింటుంది. మెయిన్ మీది ఫెర్రూల్ (ఇంటి కనెక్షన్ మొదలయ్యే బిరడా) నుంచి గోడ దాకా జాయింటు లేకుండా ఒకే ఎండీపీఈ (తుప్పు పట్టని ప్లాస్టిక్) పైపు వేయించి, కాలవను దాటే చోట అడుగునుంచి కాకుండా పైనుంచి, పీవీసీ గొట్టంలో దూర్చి తీసుకెళ్లాలి. ఆ పని అయ్యేదాకా సంపు ముందు ఒక టీ జాయింటు (పైపును రెండు దారులుగా చీల్చేది), రెండు వాల్వులు పెట్టించి మొదటి పది నిమిషాల నీళ్లు బయటికి వదిలేయండి. అవి సంపులో పడితే తర్వాత వచ్చిన మంచినీళ్లూ పాడైనట్టే.

పరీక్షనాళిక:
పైన చెప్పింది సరిగ్గా ఉంది. పరీక్షల్లో మొదటిది క్లోరిన్, అది ఇంట్లోనే అవుతుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మందుల షాపులో గానీ, అక్వేరియం సామాను అమ్మే చోట గానీ డీపీడీ కిట్ (క్లోరిన్‌ను రంగుతో చూపే పరీక్ష సామాను) దొరికితే అదే తీసుకోండి, క్లోరిన్ ఉంటే గులాబీ రంగు వస్తుంది. పసుపు రంగు వచ్చే ఓటీ (ఆర్థోటాలిడిన్) చుక్కలైతే వేసిన వెంటనే చూడాలి, ఆలస్యమైతే క్లోరమైన్లు (అమోనియాతో కలిసిపోయిన క్లోరిన్) కూడా కలిపి చూపిస్తుంది. ఇనుము ఎక్కువున్నా పసుపు వస్తుంది. చుక్కలు వేసిన నీళ్లు పారబోయండి, తాగకూడదు.

వరుసగా సున్నా వస్తుంటే ల్యాబ్‌కి వెళ్లండి. రెండు శాంపిళ్లు కావాలి: కుళాయి తిప్పగానే ఒకటి, పావుగంట తర్వాత ఒకటి. రెంటికీ తేడా ఉంటే పైపు మీద ఇక వాదన అక్కర్లేదు. సూక్ష్మజీవుల పరీక్షకు సీసా ల్యాబ్ వాళ్లిచ్చిందే వాడాలి, అందులో క్లోరిన్‌ను ఆపే థయోసల్ఫేట్ ఉంటుంది కాబట్టి కడగకూడదు. కుళాయి మూతికున్న జాలీ తీసేసి, స్పిరిట్‌తో తుడిచి పట్టండి. సీసా నిండా నింపకుండా కొంచెం ఖాళీ ఉంచి, ఐసులో పెట్టి ఆరు గంటల్లోపు అందించండి.

అడగాల్సినవి: ఈ కోలి (100 మిల్లీలీటర్లలో ఒక్కటీ ఉండకూడదు), మడ్డితనం, అమోనియా, నైట్రేట్. అమోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటితే మురుగు కొత్తగా కలుస్తోందని అనుమానించాలి. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు చంటిపిల్లల పాలలో కలపకూడదు, కాచినా అది పోదు. మీవి కాలవ నీళ్లు గనుక ఫ్లోరైడ్ కోసం ఇప్పుడే ఖర్చు పెట్టక్కర్లేదు. పురుగుమందుల పరీక్ష ఖరీదైనది, దాన్ని చెరువు దగ్గర మున్సిపాలిటీ చేయించాలి.

కాలవగట్టు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. మరి ఈలోగా సంపులో బ్లీచింగ్ ఎంత వేయాలి? ఆర్వో సంగతి?

పరీక్షనాళిక:
తాజా బ్లీచింగ్‌లో 30 శాతానికి పైగా క్లోరిన్ ఉంటుంది, మూట విప్పి తేమ తగిలితే పడిపోతుంది. 25 శాతం అని లెక్క వేసుకుంటే, లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున 2000 లీటర్లకు 8 గ్రాములు. చిన్న తూకం మీద తూచండి, చెంచా లెక్క నమ్మొద్దు. ప్లాస్టిక్ మగ్గులో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలకు సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే సంపులో పోయండి. అరగంట ఆగి మళ్లీ కిట్‌తో చూడండి, 0.2 నుంచి 0.5 మధ్య ఉంటే చాలు. అప్పటికే సున్నా అయితే నీళ్లలో మలినం క్లోరిన్‌ను తినేస్తోందని అర్థం. అలాంటప్పుడు మోతాదు పెంచుకుంటూ పోకుండా సంపు ఖాళీ చేసి కడగండి.

240 టీడీఎస్‌కు ఆర్వో అక్కర్లేదు. వడపోతతో పాటు యూవీ (క్రిములను చంపే అతినీలలోహిత దీపం) ఉన్నది చాలు, కానీ మడ్డినీళ్లలో యూవీ వెలుతురు లోపలికి పోదు, ముందు వడపోత సరిగ్గా ఉండాలి. పటిక మడ్డిని దించుతుందే గానీ క్రిములను చంపదు. పాపకిచ్చే నీళ్లు మాత్రం ఏ మిషన్ ఉన్నా తెర్లేదాకా కాచి చల్లార్చండి.

పైపులైను:
ఫిర్యాదు వార్డు సచివాలయంలో నీటి సరఫరా చూసే ఎమినిటీస్ సెక్రటరీకి రాతపూర్వకంగా ఇవ్వండి. "నీళ్లు బాగోలేదు" అని రాస్తే కదలదు. తేదీ, నీళ్లు వదిలిన సమయం, క్లోరిన్ రీడింగ్, బుడగలు కనిపించిన చోటు రాసి, మీ వీధిలో నాలుగైదు ఇళ్ల రీడింగులు కూడా కలపండి. వరుసగా ఏ ఇంటి దగ్గర క్లోరిన్ పడిపోయిందో చూస్తే తవ్వాల్సిన చోటు తెలిసిపోతుంది.

ఇంకొకటి. కాలవలు మళ్లీ వదిలినప్పుడు మొదటి నీళ్లు అడుగున పేరుకున్న చెత్తనంతా ఊడ్చుకొస్తాయి. వాటిని చెరువులోకి తీసుకోకుండా కొన్నాళ్లు ఆగమని ఇప్పుడే ఆ ఫిర్యాదులో రాయండి.